కార్డు మీద ఉప్పు

కృపాకుమారి భయం ఒక్కటే. మరిది శశికుమార్‌కు ఏమైనా అయితే అది తన చేతులతో చేసినట్టే. అతను చెప్పిన మాటను మొగుడు జోయల్‌కు చేరనీయకుండా కడుపులో పెట్టుకున్నది తనే. ఆ మాట చేరవలసిన దారిని పాడుచేసిందీ తనే. ఒకటి తెలిసి చేసింది, ఇంకొకటి తెలియక చేసింది. 

శనివారం పొద్దున బత్తలపల్లెలో వాళ్ళ రేకుల ఇంట్లో కంప్యూటర్ డబ్బా పక్క మూత ఊడదీసి నేలమీద పడుకోబెట్టి ఉంది. జోయల్ దాని ముందు గొంతుక్కూర్చుని ఫోన్ లైటు వేసి చూస్తున్నాడు. వాకిట్లో ఆటో కదలలేదు. ధర్మవరానికి పొద్దున పోయే రెండు ట్రిప్పులూ పోయాయి.

"మూడు ఆదివారాలాయ," అంది కదిరమ్మ, గడప మీద శనక్కాయలు వలుస్తూ. "రేపటికి నాలుగు. నా కొడుకు గొంతు విని నెలాయ."

"నీకు ఇద్దరు కొడుకులుండారు మా. ఒకని గొంతు దినామూ వింటానే ఉండావు గదా."

"నీ గొంతు ఎవరికి కావాలప్పా? ఆటో మాదిరి డబడబ అంటాంటాది."

జోయల్ నవ్వలేదు. నవ్వే మాటకు కూడా నవ్వకుండా ఉండడం ఈ మూడు వారాలుగా అతనికి అలవాటైంది.

అన్నదమ్ములిద్దరూ ఫోన్లో మాట్లాడుకోరు. మూడేళ్ళ కిందట తండ్రి మారెప్ప సమాధి మీద మట్టి ఆరకముందే, "నాయన నీ దిగులుతోనే పోయినాడు" అని జోయల్ నలుగురి ముందూ తమ్ముణ్ణి అన్నాడు. "నీ ఇంటికి ఫోన్ చేస్తే నేను మారెప్ప కొడుకునే కాదు" అని శశి ఆ సాయంత్రమే బెంగళూరు రైలెక్కాడు. సిమ్ కూడా మార్చేశాడు.

ఏడాది గడిచాక ఒక ఆదివారం, జోయల్ ఈ డబ్బా ముందు కూర్చుని లారీలు తోలే ఆట ఆడుతుంటే, వెనక నుంచి ఎవరిదో లారీ వచ్చి హారన్ కొట్టింది. పొట్టిగా ఒకటి, పొడుగ్గా ఒకటి. మారెప్ప శనక్కాయల లారీ ఊళ్ళోకి మలుపు తిరిగేటప్పుడు కొట్టే హారన్. ఆ ఆటలో మైకు పెట్టుకుంటే ఎదుటివాళ్ళతో మాట్లాడొచ్చు. అయినా ఇద్దరూ ఆ రోజు ఒక్క మాటా మాట్లాడలేదు. ఇక్కణ్ణుంచి హోసూరు దాకా పోయినంత దూరం ఒకరి వెనక ఒకరు తోలుకుంటూ పోయారు.

ఆ తర్వాతి వారం మాటలొచ్చాయి. ప్రతి ఆదివారం, ప్రార్థన ముగిసి అన్నాలయ్యాక రెండు గంటలకు, బెంగళూరు పక్క యలహంకలో గంటకింతని ఇచ్చి గేమ్ సెంటర్లో శశి, ఇక్కడ ఈ డబ్బా ముందు జోయల్. ఫోన్ చేయలేదు గనుక ఒట్టు ఒట్టుగానే ఉంది. ఆటలో మాట్లాడింది మాట కింద లెక్క రాదని ఇద్దరికిద్దరూ అనుకున్నారు, ఒకరికొకరు చెప్పుకోకుండానే.

కదిరమ్మ స్పీకరు పక్కన పీట వేసుకుని కూర్చునేది. శశి తల్లి పేరెత్తేవాడు కాదు. "మీ పక్క ముసలోళ్ళు బాగుండారా?" అని అడిగేవాడు. "ముసలోళ్ళకు మోకాళ్ళు నొప్పులంట, చెప్పు" అని కదిరమ్మ జోయల్ భుజం మీద పొడిచేది.

ఇప్పుడా డబ్బా ఎత్తిపోయింది. అనంతపురంలో జోయల్ ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసినప్పుడు, ఆ సెంటర్ మూతబడ్డ రోజున జీతానికి బదులు తెచ్చుకున్నది. ఏడేళ్ళయింది. ఎండాకాలం మొదలైనప్పటి నుంచీ అర్ధగంటకోసారి ఆగిపోయేది. మూడు వారాల కిందట తెర మీద గీతలొచ్చి, నల్లబడి, మళ్ళీ వెలగలేదు.

"అంతా మారిస్తే ముప్పై వేలు అవుతాదంట," అన్నాడు జోయల్ డబ్బాలోకి చూస్తూనే. "లోపలి బోర్డు పాతది, కొత్త కార్డు ఓపదంట. ఒకటి మారిస్తే ఇంగొకటి అడుగుతాది."

"మార్చప్పా," అంది కదిరమ్మ.

"దుడ్లు చెట్టుకు కాస్తాండాయా? ఉండేది పాప బడికి పెట్టింది."

"పాపకు మూడేండ్లు. అదేమన్నా కలెక్టర్ పరీక్ష రాస్తాండాదా?"

"మా, ఆ మాట కృప ముందర అనొద్దు."

ఇద్దరూ కృప వైపు చూశారు. ఆమె కూతురు సువార్తకు తల దువ్వుతోంది. దువ్వెన ఒకే చోట ఆగిపోయి ఉంది.

"నువ్వేమంటావు?" అన్నాడు జోయల్.

"నీ ఇష్టం."

కదిరమ్మ చేతిలో కాయ పగలకుండా ఆగింది. "ఏమ్మే, పోయిన నెల దాకా మూతి మీద మీసమొచ్చిన మొగోనికి ఆటలేందని ఇల్లు పీకి పందిరేసినావు. ఇప్పుడు నీ ఇష్టమంటాండావు. ఒంట్లో బాగుండాదా?"

కృప పాప జడ బిగించింది. "నొప్పి మా," అంది సువార్త.

డబ్బా ఎట్లా పోయిందో ఆమెకు తెలుసు. లేదా తెలుసునని ఆమె భయం.

ఆఖరిసారి అన్నదమ్ములు ఆడిన ఆదివారం, మధ్యలో ఎవరో ఆటో కోసం పిలిస్తే జోయల్ బయటికి పోయాడు. కదిరమ్మ అప్పుడే మందు వేసుకుని లోపల పడుకుని ఉంది. 'అన్న ఇప్పుడే వస్తాడు' అని చెప్పడానికి కృప హెడ్‌సెట్ తీసి చెవికి పెట్టుకుంది.

"వదినా, అన్న లేడు గదా," అన్నాడు శశి. తర్వాత దగ్గాడు. దగ్గు ఆగడానికి చాలాసేపు పట్టింది. "దగ్గితే రక్తం పడతాండాది వదినా. రాయి కోసే పని గదా, దుమ్ము. పెద్దాసుపత్రిలో పరీక్షలు రాసిచ్చినారు. ఒంటిగా పోవాలంటే బుద్ధి పుట్టలేదు. వచ్చే ఆదివారం అన్నతో నేనే చెప్తా. ఒగవేళ నాకు నోరు రాకుంటే నువ్వు చెప్పు."

"చెప్తాలే," అంది ఆమె.

చెప్పలేదు. ఆ వారమంతా చెప్పలేదు. ఆసుపత్రి అనే మాట ఇంట్లోకి వస్తే ముందు పోయేది పాప బడి దుడ్లేనని ఆమెకు తెలుసు. తన తొమ్మిదో తరగతి అట్లానే పోయింది. నాయనకు కిడ్నీ అన్నారు, పుస్తకాలు అటక మీదికి పోయాయి, నాయనా మిగల్లేదు, చదువూ మిగల్లేదు. శశి తనే చెప్తానన్నాడు గదా, వారమే గదా, చెప్పనీ అనుకుంది. ఆ ఒక్క ఆదివారం డబ్బా నడిస్తే చాలు.

డబ్బా వేడికే ఆగిపోతోందని జోయల్ అంటుండేవాడు. అందుకని అతను ఆటో మీద పోగానే ఆమె కూలర్‌ను డబ్బా వైపు తిప్పింది. బోరు నీళ్ళు రెండు బిందెలు పోసి, పక్క మూత తీసి, చల్లగాలి సూటిగా లోపలికి పోయేటట్టు పెట్టింది. వరసగా ఐదు మధ్యాహ్నాలు. మనిషికి చల్లగా ఉన్నది దానికీ చల్లగానే ఉంటుందనుకుంది. శనివారం అది వెలిగింది. ఆదివారం రెండు గంటలకు గీతలొచ్చాయి.

ఇప్పుడు జోయల్ లేచి డబ్బా మూత బిగించాడు. "పా, అనంతపురం పోదాం. షఫీ భాయ్‌కి చూపించి, ఆయన ఏమంటే అది."

దారి పొడుగునా డబ్బా ఆమె ఒళ్ళో, పాప ఆమె పక్కన. గతుకు వచ్చినప్పుడల్లా రెండు చేతులతో డబ్బానే పట్టుకుంది. పాప కమ్మీ పట్టుకుంది.

కమలానగర్‌లో షఫీవుల్లా అంగడి సందులో ఉంది. కంప్యూటర్ల లోపలి సామాన్లు గోడలకు వేలాడుతుంటాయి. అతను జోయల్‌తో పాటు ఆ పాత సెంటర్లోనే పనిచేసినవాడు.

"ఇంగా బతికే ఉండాదా అన్నా ఇది? ఏమక్కా, పాపకు పెండ్లి చేసేదాకా దీన్నే ఉంచుకుంటారా?"

"నవ్వులు తర్వాత. చూడు భాయ్."

షఫీవుల్లా మూత తీసి, బొమ్మలు చూపించే కార్డును బయటికి లాగి వెలుతురులో పట్టాడు. నవ్వు ఆగింది. వేలితో గీకాడు. వేలి కొనకు తెల్లటి పొడి అంటింది.

"ఇది వయసైపోయి పోలేదన్నా. నీళ్ళు తగిలినాయి. చూడు, ఉప్పు."

"నీళ్ళేంది? మా పక్క వాన పడి ఎన్ని నెలలైంది తెలుసా నీకు?"

"వాన నీళ్ళకు ఉప్పు యాడుంటాదన్నా? ఇవి బోరు నీళ్ళు. తెచ్చి పోసినట్టు లేదు, తుంపర పడినట్టుండాది. పిన్నులన్నీ కొరికేసినాది."

కృప సువార్తను ఒళ్ళోకి లాక్కుంది. పాప వేడిగా ఉందో, తన చేతులే చల్లగా ఉన్నాయో తెలియలేదు.

"బోర్డు మంచిగానే ఉండాది," అన్నాడు షఫీవుల్లా. "రెండు దారులు. నా దగ్గర ఎవరో ఇచ్చిపోయిన పాత కార్డుండాది. చిన్నది. నువ్వు ఆడే లారీల ఆట బొమ్మ మసకగా పెట్టుకుంటే నడుస్తాది, ఒక ఏడాది. తక్కువలో అయిపోతాది. లేదు, కుదురుగా కావాలంటే బోర్డు, కార్డు, అంతా మార్చాల. ముప్పైకి ఒక రూపాయి తగ్గదు."

జోయల్ గడ్డం గీరుకున్నాడు. అతను ఏదైనా అనేలోగా కృప మాట వచ్చేసింది.

"అంతా మార్చు. పాప బడికి వచ్చే ఏడాది పోతాదిలే."

జోయల్ తల తిప్పి ఆమెను చూశాడు. సువార్త కడుపులో ఉన్నప్పుడే ఏ బడికి పంపాలో చెప్పిన మనిషి. బంగారు కమ్మలు కుదువ పెట్టడానికి ఒప్పుకుంది గానీ ఆ దుడ్లు ముట్టుకోనివ్వని మనిషి. ఆమె ముఖం చూశాడు. తర్వాత కార్డు మీద ఉప్పును చూశాడు. మళ్ళీ ఆమె వైపు చూడలేదు.

"కూలర్ నేనే తిప్పినా భాయ్," అన్నాడు. "వేడెక్కుతాండాదని."

షఫీవుల్లా నెత్తి కొట్టుకున్నాడు. "నువ్వా? సెంటర్లో నాకు పని నేర్పించినోనివి! కంప్యూటర్‌కు కూలర్ పెడతారా ఎవరన్నా?"

"బుద్ధి లేక పెట్టినా. పాత కార్డే వెయ్యి."

పాత కార్డు వేయించుకుని బత్తలపల్లె దారి పట్టారు. రోడ్డుకు రెండు పక్కలా దున్నిపెట్టిన ఎర్రనేల, విత్తనానికి పదును లేక అట్లాగే ఎండుతోంది.

"కూలర్ ఎన్ని దినాలు పెట్టినావు?" అన్నాడు జోయల్.

"ఐదు."

"చెప్పింటే ఏమైతాండె?"

"అరుస్తావని."

"అరిచేవాన్నే." ఒక లారీ దాటిపోయేదాకా ఆగాడు. "అరిచి మర్చిపోయేవాన్ని. ఈ మూడు వారాలు నేనేమనుకున్యానో తెలుసా? నాయన మాదిరి ఇది కూడా నేను సరిగ్గా చూసుకోక పోయిందనుకున్యా."

ఆమె ఏడ్చింది. అతను ఆటో నడుపుతూనే వెనక్కి చెయ్యి చాచి పాప తల మీద ఒకటి, ఆమె మోకాలి మీద ఒకటి తట్టాడు. మూడు వారాల తర్వాత మొదటిసారి నవ్వాడు.

"ఇంగేమన్నా ఉండాదా దాచిపెట్టింది? ఇప్పుడే చెప్పు, ఒకే అరుపుతో అయిపోతాది."

అది చెప్పవలసిన క్షణం. ఆమెకు తెలుసు. అతని నవ్వు అద్దంలో కనిపిస్తోంది. మూడు వారాల తర్వాత వచ్చిన నవ్వు.

"లేదు," అంది.

ఆదివారం రెండు గంటలకు కదిరమ్మ ప్రార్థనకు కట్టుకున్న చీర విప్పకుండానే పీట మీద కూర్చుంది. సంగటి, కోడికూర తిన్న చేతులు ఇంకా వాసన వస్తున్నాయి. జోయల్ మీట నొక్కాడు. డబ్బా గురగురమంది. తెర వెలిగింది.

"స్తోత్రం," అంది కదిరమ్మ.

ఆట తెరుచుకుంది. పక్కన పేర్ల వరసలో శశి ఆటపేరు ఉంది. మారెప్ప లారీ సర్వీస్. దాని పక్కన పచ్చగా ఉండవలసిన చుక్క బూడిద రంగులో ఉంది. కిందనే, ఆఖరిసారి వచ్చింది పద్నాలుగు రోజుల కిందట అని ఉంది.

"ఇంగా రాలేదా?" అంది కదిరమ్మ.

"రాలేదు. ఏదో రాసి పెట్టినాడు, ఉండు."

ఇంగ్లీషు అక్షరాలతో కొట్టిన తెలుగు ముక్కలు. మొదటిది, డబ్బా పోయిన ఆదివారానిది. జోయల్ పైకే చదివాడు. "అన్నా, రాలే? నాలుగింటి దాకా ఉంటా."

రెండోది, దాని తర్వాతి ఆదివారానిది. దాన్ని చదవడం మొదలుపెట్టి ఆపేశాడు. కృప అతని భుజం మీదుగా చదివింది.

'నా మీద ఇంగా కోపమేనా అన్నా. వదినకు చెప్పినా గదా. ఆమె చెప్పినాక కూడా రాలేదంటే నాకు అర్థమాయ. పర్వాలేదు.'

స్పీకరులో ఖాళీ రోడ్డు మీద ఇంజను శబ్దం ఒక్కటే ఉంది.

"ఏం చెప్పినాడు?" జోయల్ గొంతు ఆటో మాదిరి లేదు. చిన్నగా ఉంది.

ఆమె చెప్పింది. దగ్గు, రక్తం, రాయి దుమ్ము, రాసిచ్చిన పరీక్షలు. వరసగా, ఏదీ వదలకుండా చెప్పింది. బడి దుడ్ల సంగతి కూడా చెప్పింది. అది చెప్పకపోయినా ఎవరికీ తెలిసేది కాదు.

జోయల్ అరవలేదు. ఆమె అరుపు కోసం ఎదురుచూసింది. అతను లేచి వంకెకున్న చొక్కా తీసి తొడుక్కున్నాడు, గుండీలు తప్పుగా పెట్టుకున్నాడు.

"యాడికి?" అంది.

"యలహంక."

"యలహంకలో యాడని పోతావు? నీకు రూము తెలుసా?"

"అడుక్కుంటా పోతా. అప్పుడు వాడే ఎతుక్కుంటా వచ్చినాడు, ఈసారి పోయేది నేను గదా."

"ఆగు, నాకు తెలుసు, ఒకసారి శశి నాతో అన్న్యాడు, ఆ గేమ్ సెంటర్ కింద…"

అతను అప్పటికే వాకిట్లో ఉన్నాడు. ఆటో ఇంజను ఆమె మాటను మింగేసింది. ఉట్టి కాళ్ళతో రోడ్డు దాకా పరిగెత్తింది. ధర్మవరం వైపు దుమ్ము లేచి, నిదానంగా నేల మీద పడింది.

ఇంట్లోకి వచ్చి జోయల్‌కు ఫోన్ చేసింది. అతని ఫోన్ కంప్యూటర్ పక్కనే, తీగకు తగిలించి ఉన్నచోటే మోగింది.

కదిరమ్మ పీట మీద నుంచి లేవలేదు.   సువార్త నాయనమ్మ ఒళ్ళోకి ఎక్కితే దాని చెయ్యి పట్టుకుని అట్లాగే ఉండిపోయింది.

తర్వాత తెర వైపు చూపించి అంది: "హారన్ కొట్టు."

"అత్తా?"

"ఆ డబ్బాలో. మీ మామ మాదిరి. రెండుసార్లు."

కృప ఆ కుర్చీలో ఎప్పుడూ కూర్చోలేదు. కూర్చుంది. జోయల్ నొక్కే మీట ఏదో చూసి చూసి తెలుసు. పొట్టిగా ఒకటి, పొడుగ్గా ఒకటి నొక్కింది. కొత్తగా వేసిన పాత కార్డు రోడ్డును మసకగా చూపిస్తోంది. ముందు లారీ లేదు, వెనక లారీ లేదు. బూడిద చుక్క బూడిదగానే ఉంది.

"మళ్ళా కొట్టు," అంది కదిరమ్మ.

ఆమె కొడుతూనే ఉంది.

ఈ వాక్యం చదివేవాళ్ళలో యలహంక పక్క ఎవరైనా ఉంటే, కృప జోయల్‌కు చెప్పలేకపోయిన ఆనవాలు ఇదీ. గేమ్ సెంటర్ కింద బేకరీ ఉంటుంది. దాని వెనక సందులో మూడో మేడ. మెట్ల కింద నీలం డ్రమ్ము. పై గదిలో ఇరవై ఆరేళ్ళ సన్నటి మనిషి, వేళ్ళ సందుల్లో రాతి దుమ్ము, దగ్గు. పేరు పెట్టి పిలిస్తే పలక్కపోవచ్చు. తలుపు పొట్టిగా ఒకసారి, గట్టిగా ఒకసారి తట్టండి. తీస్తే, మీ అన్నకు ఎవరూ చెప్పలేదని చెప్పండి, తప్పు వదినదని చెప్పండి. తీయకపోతే మాత్రం అక్కణ్ణుంచి వచ్చేయకండి. దయచేసి ఒక్కసారి లోపలికి చూడండి.